నూట నలభై ఏడు రోజుల తుఫాను

చిన్నపిల్లలున్న ఇంట్లో రోజూ క్రమం తప్పకుండా బైబిలు సమయం జరగాలంటే మొదట చేయవలసిన పని ఒకటుంది. పిల్లల్ని పక్కన పెట్టాలి!

అప్పుడే కోపం తెచ్చుకోకండి. ఇంకాసేపట్లో బైబిలును కూడా పక్కన పెట్టమని చెప్పబోతున్నాను. రెండింటికీ కలిపి ఒకేసారి కోప్పడవచ్చు.

నేను చెప్పుల షాపు నడుపుకునే మనిషిని. పొద్దున షట్టరు తీసింది మొదలు ఒక పొట్టి స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ల పాదాలు కొలిచి, తగిన జత తొడిగి పంపించడం నా పని. కొలవకుండా ఒక్క జత కూడా అట్టపెట్టెలోంచి బయటికి తీయను. భక్తి విషయంలో మాత్రం కొలత ఎందుకు ఉండకూడదు? ఎంత చదివాం, ఎన్ని రోజులు చదివాం, ఎన్ని నిమిషాల్లో ముగించాం, ఇవేవీ తెలియకపోతే మనం ముందుకు వెళుతున్నామో వెనక్కి వెళుతున్నామో ఎలా తెలుస్తుంది?

ఆ మాటకొస్తే మొదట్లో నేనూ మీలాగే అమాయకుణ్ని.

ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి, "రోజుకు పది నిమిషాలు మీ పిల్లలతో వాక్యం దగ్గర కూర్చోండి. పదే నిమిషాలు. అంతకంటే అడగను" అన్నారు. రెండో వరుసలో ఉన్న నేను అందరికంటే గట్టిగా తల ఊపాను. పది నిమిషాల్లో నేను ముగ్గురు కస్టమర్లను సాగనంపుతాను. ఇద్దరు పిల్లలు ఒక లెక్కా!

మా పెద్దదానికి ఆరేళ్లు. చిన్నోడికి నాలుగు. చిన్న సరుకుతో మొదలుపెడదామని చిన్న కథ ఎంచుకున్నాను. యేసయ్య, శిష్యులు పడవ ఎక్కుతారు. తుఫాను వస్తుంది. కథ మొత్తం ఏడంటే ఏడు వచనాలు. ఒక్క సాయంత్రంలో ఖాళీ అయిపోయే స్టాకు.

మొదటి వచనంలో, పాపం, పెద్దగా ఏమీ లేదు. సాయంత్రమైంది, అవతలి ఒడ్డుకు పోదాం పదండి అంటాడాయన. అంతే.

"అవతలి ఒడ్డున ఏముంది నాన్నా?" అంది పెద్దది.

"వెళ్లాక తెలుస్తుంది."

"టిక్కెట్లు ఎవరు తీశారు?" అన్నాడు చిన్నోడు, సోఫా మీంచి తలకిందులుగా వేలాడుతూ.

"ఆ పడవకు టిక్కెట్లు లేవురా."

"మరి కండక్టరు ఊరుకున్నాడా?"

మొదటి రోజు పది నిమిషాలూ కండక్టరుతోనే సరిపోయాయి.

రెండో వచనంలో, ఆయన పడవతో పాటు వేరే పడవలు కూడా బయలుదేరాయని ఉంది. ఇన్నేళ్లుగా ఆ మాట వింటున్నాను, ఎప్పుడూ ఆగి చూడలేదు. మావాళ్లు ఆగారు. మూడు రోజులు ఆగారు! ఆ పడవల్లో ఎవరున్నారు? పిల్లలున్నారా? వాళ్ల అమ్మలు ఊరుకున్నారా? రాయలేదమ్మా అంటే, ఎందుకు రాయలేదు? రాసినాయన్ను అడిగి చెప్పు, అంటుంది పెద్దది.

మూడో వచనంలో తుఫాను వచ్చి పడవలోకి నీళ్లు ఎక్కుతాయి. అర్థం కావడం కోసం షాపు నుంచి ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చి హాల్లో పెట్టడం నేను చేసిన వ్యాపార తప్పిదం. ఇద్దరూ అందులోకి దూకారు. అయిదు రోజుల దాకా దిగలేదు. అయిదో రోజు చిన్నోడు బాత్రూంలోంచి చెంబుతో నీళ్లు తెచ్చి, వచనంలో చెప్పినట్టే పడవను నింపాడు. అట్ట మెత్తబడి, అడుగు ఊడి, హాలంతా సముద్రమైంది.

మా ఆవిడ గుడ్డ తీసుకుని వచ్చింది. "ఏమండీ, వాక్యం వినడమంటే ఇల్లు తుడవడమని ముందే చెప్పుంటే నేనూ నడుం బిగించేదాన్ని కదా!" అంది.

నాలుగో వచనంలో ఆయన పడవ వెనక భాగంలో తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోతుంటాడు. శిష్యులు లేపుతారు. మేం మునిగిపోతుంటే నీకేమీ పట్టదా అంటారు.

చిన్నోడు తలగడ తెచ్చాడు. పెద్దది మాత్రం ఆ సాయంత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మోకాళ్లు దగ్గరికి తీసుకుని నా మొహం కేసి చూస్తూ కూర్చుంది. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. సరుకు పంపించే ఆసామి. పిల్లల బూట్లు రెండు సైజులు తారుమారయ్యాయట. నేను లేచి, "మిగతాది రేపు" అన్నాను.

అది పదకొండో రోజు. ఫోను మాట్లాడి వచ్చి లెక్క వేసుకున్నాను. పదకొండు రోజులకు నాలుగు వచనాలు! బైబిలులో ముప్ఫై ఒక్క వేల పైచిలుకు వచనాలున్నాయట. ఈ నడకన మొత్తం పూర్తికావడానికి రెండు వందల ముప్ఫై నాలుగేళ్లు పడుతుంది. అప్పటికి చిన్నోడికి పెళ్లి వయసు దాటిపోదూ?

ఆ మర్నాడే నాకు దారి దొరికింది. మా చర్చికే వచ్చే మందుల షాపాయన నా షాపులోకి వచ్చి, కాలు చాపి, ఫోనులో బైబిలు యాప్ ఒకటి చూపించాడు. తెర మీద మంట బొమ్మ, పక్కనే అరవై రెండు అనే అంకె.

"ఇంకా ఆ పుస్తకం పట్టుకు కూర్చున్నారా బ్రదర్? ఇందులో అదే చదువుతుంది. రోజూ ఒకసారి మోగిస్తే చాలు, ఒక అంకె పెరుగుతుంది. ఒక్క రోజు తప్పితే మాత్రం మళ్లీ సున్నా."

"పిల్లలు కదలకుండా వింటారా?"

"అంకె పెరుగుతోందా లేదా చూడండి బ్రదర్!"

ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు?

పాఠకులారా, ఆ రోజు నుంచి మా ఇంట్లో మొదలైన ఆత్మీయ అభివృద్ధిని చెప్పడానికి నాకు మాటలు చాలవు. అంకెలున్నాయి కాబట్టి సరిపోయింది. ఫోను బైబిలు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. మామూలు వేగంలో ఒక రోజు భాగానికి పదిహేను నిమిషాలు. ఒకటిన్నర వేగంలో పది. రెండింతల వేగంలో ఏడున్నర! పాస్టరుగారు అడిగిన పదిలోనూ రెండున్నర నిమిషాలు మిగులు! వంశావళులు వచ్చినప్పుడైతే బస్టాండులో ఊళ్ల పేర్లు అరుస్తున్నట్టే ఉండేది. ఎవరు ఎవరిని కన్నారో తెలిసేలోపు మనవలు పుట్టేసేవారు.

మొదటి వారం టిఫిను తినేటప్పుడు మోగించాను. నమిలే చప్పుడులో వినిపించడం లేదని రెండో వారం పిల్లలు పళ్లు తోముకునేటప్పుడు మోగించాను. ఇక్కడ ఇంకో లాభం చూడండి. నోట్లో బ్రష్షు ఉన్నవాడు కండక్టరు గురించి అడగలేడు! మూడో వారం బ్యాగులు సర్దుతుండగా, నాలుగో వారం బూట్లు వేస్తుండగా. ఆ తర్వాత నాకు అసలు రహస్యం తెలిసింది. ఫోను ఎవరున్నారో చూడదు. హాజరు వేయదు. పిల్లలు స్కూలుకు వెళ్లిపోయాక ఖాళీ హాల్లో, టీవీ పక్కన పెట్టి మోగించినా అంకె పెరుగుతుంది!

ఒకసారి సరుకు కోసం మూడు రోజులు పక్క ఊరు వెళ్లాను. ఫోను నాతోనే వచ్చింది. కుటుంబం ఇంట్లో ఉంది, కుటుంబ బైబిలు సమయం మాత్రం గోడౌన్లో, బూట్ల పెట్టెల మధ్య, చక్కగా జరిగింది. మూడు రోజులకు మూడు అంకెలు. లోడింగు చేసే మనిషి ఒకాయన మాత్రం పెట్టె దించి, "ఎవరిదండీ ఈ కంగారు గొంతు?" అని కాసేపు నిలబడి విన్నాడు. అంటే మా కుటుంబంలో బయటివాళ్లకు కూడా చోటుందన్నమాట!

తిరిగి వచ్చి ఈ సంగతి గొప్పగా చెబితే మా ఆవిడ, "అలాగే భోజనం కూడా మీరొక్కరే చేసి రండి. మన ఇద్దరు పిల్లలకూ కడుపు నిండుతుందేమో చూద్దాం" అంది. ఆడవాళ్లకు టెక్నాలజీ అంటే కొంచెం భయం. నేను పట్టించుకోలేదు.

ఒకే ఒక్క చిక్కు మిగిలింది. పెద్దది.

వారానికి ఒకసారైనా నేను బూట్లు వేసుకునేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, "నాన్నా, పడవ?" అనేది.

"రేపమ్మా" అనేవాణ్ని.

ఈ రేపు అనే మాట గురించి మీకు చెప్పాలి. మా వ్యాపారంలో అది చాలా మర్యాదైన మాట. కస్టమరు అడిగిన సైజు మన దగ్గర లేనప్పుడు లేదు అనం. రేపు వస్తుందండీ అంటాం. ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు. ఆయన నవ్వి పక్క షాపుకు వెళతాడు. ఎవరికీ నొప్పి ఉండదు.

పెద్దది పక్క షాపుకు వెళ్లలేదు. అదీ చిక్కు.

"రావే, పడవ ఏమైందో నేను చెబుతా" అని వాళ్లమ్మ పిలిచింది. "వద్దు. నాన్న రేపు అన్నాడు" అంది. సండే స్కూల్లో టీచరమ్మ ఒకసారి అదే కథ మొదలుపెట్టిందట. ఇది రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని కథ అయ్యేదాకా కూర్చుంది. టీచరమ్మ నాతో చెబితే, చెవిపోటేమో అనుకుని మందుల షాపాయన దగ్గర చుక్కల మందు తెచ్చి మూడు రోజులు వేయించాను. చూడండి, తండ్రిగా నేను ఎక్కడా లోటు చేయలేదు.

అంకె నూరు దాటింది. నూట ఇరవై. నూట నలభై. మందుల షాపాయన ఎక్కడో ఒక రోజు మరిచిపోయి సున్నా నుంచి మళ్లీ మొదలుపెట్టుకున్నాడని తెలిసిన రోజు నాకు కలిగిన విచారం, నిజం చెప్పాలంటే, మరీ అంత ఎక్కువేమీ కాదు.

నూట నలభై ఏడు పూర్తయిన మర్నాడు ఆదివారం. ఫోను లెక్కలో నూరు రోజులు దాటిన కుటుంబాలను చర్చిలో ముందుకు పిలిచి, ప్రతి ఇంటి నుంచీ ఒక పిల్లో పిల్లాడో విన్నదాంట్లో ఒక మాట చెప్పాలని టీచరమ్మ ఏర్పాటు చేసింది. ముందు రోజు సాయంత్రం పెద్దదానికి ఒక వచనం నేర్పించాను. పాదాల గురించి ఉన్న వచనం. అటు భక్తి, ఇటు షాపు, రెండింటికీ పనికొస్తుంది.

మా కుటుంబాన్ని పిలిచారు. నలుగురం ముందుకు వెళ్లి నిలబడ్డాం. టీచరమ్మ వంగి పెద్దదాని మూతి దగ్గర మైకు పెట్టింది.

"నూట నలభై ఏడు రోజులమ్మా! ఇన్ని రోజుల్లో ఏం విన్నావో ఒక్క మాట చెప్పు బంగారం."

పెద్దది మైకు కేసి చూసింది. నా కేసి చూసింది.

"యేసయ్య ఇంకా నిద్రలోనే ఉన్నాడు" అంది.

టీచరమ్మ తడబడి, "ఏమిటమ్మా?" అంది.

"పడవలో టీచర్. నీళ్లు నిండిపోతున్నాయి. అందరూ లేపుతున్నారు. మిగతాది నాన్న రేపు అన్నాడు."

వెనక వరుసల నుంచి నవ్వు మొదలై ముందుకు వచ్చింది. మందుల షాపాయన జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేక, "నూట నలభై ఏడు రోజుల తుఫానా! బ్రదర్, కాస్త ఒడ్డుకు చేర్చండి వాళ్లను" అన్నారు.

నేనూ నవ్వాను. వ్యాపారంలో ఉన్నవాణ్ని, ఎక్కడ నవ్వాలో తెలుసు. కానీ పక్కకు చూస్తే పెద్దది నవ్వడం లేదు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో దానికి అర్థం కావడం లేదు. కింది పెదవి పళ్లతో గట్టిగా పట్టుకుని ఉంది. పడవలో అంతమంది మునిగిపోతుంటే ఇంత పెద్ద హాల్లో ఒక్కరికీ తొందర లేదేమిటని చూస్తోంది.

ఇంటికి వచ్చే దారిలో మా ఆవిడ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

భోజనాలయ్యాయి. మామూలుగా ఆదివారాలు ఆ తర్వాతే ఫోను మోగించేవాణ్ని. ఫోను చొక్కా జేబులో ఉండిపోయింది, చొక్కా కొక్కేనికి. బీరువా పైన పెట్టిన బైబిలు దించి, దుమ్ము తుడిచి, హాల్లో నేల మీద కూర్చున్నాను. షాపులో ఎవరి కాళ్ల దగ్గరంటే వాళ్ల కాళ్ల దగ్గర కూర్చునే మనిషిని, ఇంట్లో నేల మీద కూర్చుని ఎన్నాళ్లయిందో మోకాళ్లు లెక్కచెప్పాయి.

"రండమ్మా" అన్నాను.

పెద్దది దూరంగానే నిలబడింది. "రేపా?" అంది.

"ఇవాళే."

వచ్చింది కానీ పక్కన కూర్చోలేదు. ఎదురుగా కూర్చుంది, నేను లేచిపోతే కనిపించేలా. చిన్నోడు తలగడ తెచ్చాడు. నాలుగు నెలలు దాటిపోయినా ఆ తలగడ ఎందుకో వాడికి గుర్తుంది!

అయిదో వచనం చదివాను. ఆయన లేచాడు. గాలిని గద్దించాడు. సముద్రాన్ని ఊరుకోమన్నాడు. గాలి అణిగింది. అంతా నెమ్మదించింది.

పెద్దది ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎన్నాళ్లుగా బిగబట్టిందో నేను చెప్పను, నాకు సిగ్గుగా ఉంది.

"అంటే మునగలేదు" అంది.

"లేదమ్మా."

"నేను చెప్పాగా మునగదని!" అన్నాడు చిన్నోడు. వాడు ఎప్పుడూ చెప్పలేదు.

"నువ్వు నీళ్లు పోశావు కదరా!" అంది పెద్దది. కాసేపు దాని మీద రగడ. తర్వాత అది పుస్తకం మీదికి వంగి, అక్షరాల మీద వేలు పెట్టి, "మరి వేరే పడవలు?" అంది.

"రాయలేదమ్మా."

కళ్లు చికిలించి ఆలోచించింది. "సముద్రమే ఊరుకుంటే అందరి పడవలూ ఊరుకున్నట్టే కదా నాన్నా? వాళ్లకు ఎందుకు ఊరుకుందో కూడా తెలీదు. ఇంటికెళ్లిపోయి ఉంటారు."

నా చిన్నప్పటి నుంచి ఈ కథ వింటున్నాను. ఎన్ని ప్రసంగాలు! ఆ వేరే పడవల వాళ్లు క్షేమంగా ఇల్లు చేరి ఉంటారన్న సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటున్న మా ఆవిడ అక్కడే కూర్చుండిపోయింది.

ఎన్నింటికి మొదలుపెట్టామో తెలియదు. చిన్నోడు మూడుసార్లు గాలిని గద్దించాడు, ఒకసారి ఫ్యానును గద్దించాడు. నేను స్విచ్చు ఆపాల్సి వచ్చింది. అయ్యేసరికి చదివింది ఒక్క వచనం. ఇంకా రెండు మిగిలే ఉన్నాయి. వ్యాపార దృష్టితో చూస్తే ఇంతకంటే దివాలా ఇంకోటి ఉండదు. అందుకే మళ్లీ చెబుతున్నాను, పాఠకులారా! పిల్లలతో కూర్చుని బైబిలు చదవడం అనే పని పెట్టుకోకండి. పని జరగదు. అంకె పెరగదు. ఉన్న అంకె కూడా పోతుంది.

నిజంగానే పోయింది. సాయంత్రం ఆరింటికి కొక్కేనికి ఉన్న చొక్కాలో ఫోను టింగుమంది. చిన్నోడు పరిగెత్తి తెచ్చాడు. పెద్దది లాక్కుని, తెర మీద ఉన్నది ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఈ... రోజు... మీ కుటుంబం... వాక్యానికి... సమయం... ఇవ్వలేదు."

చిన్నోడు నడుం మీద చేతులు పెట్టుకుని ఆ ఫోను కేసి చూశాడు.

"నాన్నా, ఇది అబద్ధం చెబుతోంది!" అన్నాడు.

నూట నలభై ఏడు రోజుల నుంచీ అది చెబుతున్నది అదేరా నాన్నా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.